దరువు పడగానే మూగబోయే ఊఫర్

కొత్తగా సబ్‌ఊఫర్ పెట్టించిన కారు. పాట మొదలవుతుంది, పల్లవి వరకు అంతా బాగుంటుంది. తీన్మార్ దరువు అందుకోగానే డిక్కీలోంచి రెండు దెబ్బలు గుండెకు తగిలేలా వినిపిస్తాయి, మూడో దెబ్బకి నిశ్శబ్దం. యాంప్ మీద పచ్చ లైటు ఎర్రబడుతుంది. రెండు మూడు సెకన్లకు మళ్లీ పచ్చబడుతుంది. మళ్లీ రెండు దెబ్బలు, మళ్లీ మౌనం. సౌండు తగ్గించి వింటే మాత్రం గంటసేపు విన్నా ఆగదు. షాపుకి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు మల్టీమీటర్ పెట్టి చూస్తాడు. 12.6 వోల్టులు వస్తున్నాయి. బ్యాటరీ బాగుంది, ఫ్యూజు బాగుంది, వైర్లు బాగున్నాయి. "యాంప్ పోయిందన్నా, మార్చాలి" అంటాడు. వేలు ఖర్చుపెట్టి కొత్త యాంప్ పెడతారు. దరువు పడగానే అదీ ఆగుతుంది.

అన్నీ బాగున్నప్పుడు ఏది బాగాలేదు? షాపులో మీటరు పెట్టినప్పుడు పాట మోగడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది. కరెంటు ప్రవహించనప్పుడు కొలిచిన వోల్టేజీ, కరెంటు ప్రవహించేటప్పుడు ఏం జరుగుతుందో చెప్పదు.

తక్కువ వోల్టేజీ, ఎక్కువ కరెంటు

స్టీరియో నుంచి యాంప్‌కి వచ్చే సంకేతం చాలా బలహీనమైనది. రెండు నుంచి నాలుగు వోల్టులు ఉంటుంది, అందులో కరెంటు దాదాపు లేనట్టే. ఆ సంకేతం ఎలా ఊగితే అలా ఊగే పెద్ద కరెంటును ఊఫర్ కాయిల్‌లోకి పంపడం యాంప్ పని. ఆ శక్తంతా బ్యాటరీ నుంచి రావాలి. ఇంజను నడుస్తుంటే ఆల్టర్నేటర్ నుంచి రావాలి. మన ఆటో ఎలక్ట్రీషియన్లు చాలామంది దాన్నే ఇప్పటికీ డైనమో అంటారు.

ఇంట్లో 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె 230 వోల్టుల మీద నడుస్తుంది కాబట్టి నాలుగు ఆంపియర్ల పైచిలుకు కరెంటు సరిపోతుంది. అదే 1000 వాట్లు 12 వోల్టుల మీద కావాలంటే 80 ఆంపియర్లు దాటాలి. కార్ల ఆడియోలో ఇబ్బందులన్నీ ఈ తేడాలోంచే పుడతాయి. ఊఫర్‌కి 500 వాట్లు అందించే యాంప్ క్లాస్ డి రకమైతే, తీసుకున్నదాంట్లో ఐదో వంతు వేడికి పోగా, ఇంజను నడుస్తున్నప్పుడు 45 ఆంపియర్ల దాకా లాగుతుంది. పాత ఏబీ రకమైతే 60, 70 వరకు పోతుంది. కారు హాలోజన్ హెడ్‌లైట్లు రెండూ కలిసి తీసుకునేది తొమ్మిది, పది ఆంపియర్లే. అంటే ఒక్కో దరువుకీ నాలుగైదు జతల హెడ్‌లైట్లు వెలిగి ఆరినంత భారం బ్యాటరీ మీద పడుతోంది. రాత్రిపూట బీటుకి తగ్గట్టు హెడ్‌లైట్లు మసకబారడానికి కారణం ఇదే.

లోతైన బేస్‌కే ఇంత శక్తి ఎందుకంటే, మన చెవి తీరు అలాంటిది. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు, ఒకే పాటి గట్టిదనం తోచడానికి వేర్వేరు శ్రుతుల్లో ఎంతెంత శబ్దం కావాలో కొలిచారు. లోతైన శ్రుతులకు చెవి చాలా మొద్దుగా ఉంటుందని తేలింది. మెల్లగా వినే స్థాయిలో, సెకనుకు 1000 సార్లు ఊగే ధ్వనితో సమానంగా వినిపించాలంటే 40 సార్లు ఊగే ధ్వనికి దాదాపు 40 డెసిబెల్స్ అదనంగా కావాలి. వాట్లన్నీ ఆ లోటు పూడ్చడానికే పోతాయి.

లైను చివరి పొలం

ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా, లైను చివర పొలం ఉన్న రైతుకు ఈ సమస్య వివరించనక్కర్లేదు. మోటారు ఆపి ఉన్నంతసేపు స్టార్టర్ డబ్బా మీద వోల్టేజీ ముల్లు నిలకడగా ఉంటుంది. స్విచ్ వేయగానే ముల్లు పడిపోతుంది, మోటారు గుర్రుమని తిరగక నిలిచిపోతుంది. మోటారు ఆపితే ముల్లు మళ్లీ లేస్తుంది. దారి పొడవునా ఉన్న సన్న తీగ, తుప్పుపట్టిన జాయింట్లు కరెంటు నడిచినప్పుడు మాత్రమే వోల్టేజీని తినేస్తాయి. కరెంటు ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ తింటాయి.

కారులో జరిగేదీ అదే, కాకపోతే కిలోమీటరు దూరం ఐదు మీటర్లకు కుదించుకుపోయింది. దారిలో ఎక్కడో ఓమ్‌లో పదో వంతు అడ్డంకి ఉందనుకుందాం. పాట ఆగి ఉన్నప్పుడు యాంప్ లాగేది ఒక ఆంపియర్ చుట్టుపక్కల. అప్పుడు ఆ అడ్డంకి దగ్గర పోయే వోల్టేజీ 0.1. మీటరు దాన్ని చూపించినా ఎవరూ పట్టించుకోరు. దరువు పడింది, కరెంటు 40 ఆంపియర్లకు లేచింది. ఇప్పుడు అదే అడ్డంకి 4 వోల్టులు తింటుంది. బ్యాటరీ దగ్గర 14 ఉంటే యాంప్‌కి చేరేది 10. చాలా యాంప్‌లు 10 వోల్టుల చుట్టుపక్కల తమను తాము కాపాడుకోవడానికి ఆగిపోతాయి. ఆగగానే కరెంటు తగ్గుతుంది, వోల్టేజీ లేస్తుంది, అంతా సరిగ్గా ఉందనుకుని యాంప్ మళ్లీ మేలుకుంటుంది. తరువాతి దరువుకి మళ్లీ పడిపోతుంది. యాంప్‌కి ఏ జబ్బూ లేదు. తనకు అన్నం సరిగా అందడం లేదని అది చెబుతోంది.

ఆ పదో వంతు ఓమ్ ఎక్కడ దాక్కుంటుంది? ఎక్కువసార్లు ఎర్త్ దగ్గర. ప్లస్ వైరును అందరూ జాగ్రత్తగా చూస్తారు, అది ఎర్రగా ఉంటుంది, ముట్టుకుంటే మెరుపు వస్తుందని భయం. మైనస్ వైరును మాత్రం డిక్కీలో దొరికిన ఏదో ఒక స్క్రూ కింద బిగించి వదిలేస్తారు. కానీ ప్లస్ వైరులో వెళ్లిన ప్రతి ఆంపియరూ ఎర్త్ గుండానే వెనక్కి రావాలి. ఎర్త్ అంటే సర్క్యూట్‌లో సగం. కారు బాడీ ఇనుమే అయినా దాని మీద ప్రైమరు, రంగు, తుప్పు పట్టకుండా వేసిన పూత ఉంటాయి. ఇవేవీ కరెంటును పోనివ్వవు. స్క్రూ మరలు మాత్రమే ఇనుమును తాకుతున్న చోట, 40 ఆంపియర్లు ఆ సూది మొనంత తావులోంచి దూరి వెళ్లాలి. అక్కడ వేడెక్కుతుంది, వేడికి వదులవుతుంది, వదులైన చోట తుప్పు పడుతుంది. కాకినాడ, విశాఖ లాంటి తీరప్రాంతాల ఉప్పుగాలిలో ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది. పెట్టించినప్పుడు బాగానే మోగి, ఏడాది తిరిగేసరికి ఆగడం మొదలుపెట్టే సెట్ల వెనక చాలాసార్లు ఈ కథే ఉంటుంది.

మందు తేలిక. బాడీలో దళసరి ఇనుము ఉన్న చోటు చూసుకుని, పది రూపాయల బిళ్లంత మేర రంగంతా గీకి, లోహం తళుక్కుమనేదాకా తోమాలి. వైరు చివర థింబుల్‌ను గట్టిగా నొక్కి, బోల్టు, నట్టు వేసి బిగించాలి. బిగించాక పైన రంగో గ్రీజో పూయాలి. ఎర్త్ వైరు ప్లస్ వైరంత లావుండాలి, పొడవు 45 సెంటీమీటర్లు దాటకూడదు. సీటు బెల్టు బోల్టు చేతికి అందుబాటులో ఉంటుంది కాబట్టి చాలామంది దాన్నే వాడతారు. ఆ పని చేయవద్దు. ఆ బోల్టు ప్రాణం కాపాడటానికి ఉన్నది, దాని పట్టును మార్చే హక్కు మనకు లేదు.

బాక్స్: మీటరును సరిగ్గా పెట్టడం ఎలా?

మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి ఎర్త్ బాగుందో లేదో తేల్చలేం. మీటరు వైర్ల సొంత అడ్డంకే ఓమ్‌లో ఒకటి రెండు పదో వంతులు ఉంటుంది. మనం వెతికేదీ అంతే ఉంటుంది, లేదా ఇంకా చిన్నది. కాబట్టి డీసీ వోల్టులలో పెట్టి, పాట మోగుతుండగా కొలవాలి.

ఇంజను ఆన్ చేసి, ఎడతెగని బేస్ ఉన్న పాటో, 40 హెర్ట్జ్ (సెకనుకు 40 సార్లు ఊగే) టెస్ట్ టోనో పెట్టండి. ముందు బ్యాటరీ మీదే ప్లస్, మైనస్ మధ్య చూడండి. ఆ తర్వాత యాంప్ టెర్మినల్స్ మీద ప్లస్, మైనస్ మధ్య చూడండి. రెండు అంకెలకూ మధ్య తేడా దారిలో పోయిన వోల్టేజీ. అది అర వోల్టు దాటితే ఎటువైపు పోతోందో తెలుసుకోవాలి. మీటరుకు పొడవాటి వైరు కలిపి, ఒక కొనను బ్యాటరీ మైనస్ మీద, ఇంకో కొనను యాంప్ ఎర్త్ టెర్మినల్ మీద ఉంచండి. అక్కడ కనిపించే వోల్టేజీ ఎర్త్ దారి తినేస్తున్నది. అలాగే బ్యాటరీ ప్లస్ నుంచి యాంప్ ప్లస్‌కి. మొదటి దాంట్లో ఎక్కువ వస్తే ఎర్త్ బిగించండి, రెండో దాంట్లో ఎక్కువ వస్తే ప్లస్ వైరు, ఫ్యూజు హోల్డరు చూడండి. అసలు బ్యాటరీ మీదే వోల్టేజీ 12 కిందికి జారుతుంటే బ్యాటరీనో ఆల్టర్నేటర్‌నో అనుమానించాలి. ఇంజను నడుస్తున్న కారులో అక్కడ మామూలుగా 13.8 నుంచి 14.4 ఉంటుంది.

అసలు వెలగనే వెలగని యాంప్

ఇది అన్నిటికన్నా సులువైన కేసు. యాంప్ మీద మూడు టెర్మినల్స్ ఉంటాయి: ప్లస్, ఎర్త్, రిమోట్. మొదటి రెండూ ఎప్పుడూ బ్యాటరీకి కలిసే ఉంటాయి. మూడోది స్టీరియో నుంచి వచ్చే సన్నని తీగ, విడిగా కొన్న స్టీరియోల్లో సాధారణంగా నీలం మీద తెల్ల గీత ఉంటుంది. స్టీరియో ఆన్ చేయగానే అందులోకి 12 వోల్టులు వస్తాయి, యాంప్ లేస్తుంది. పక్కనే ఉత్త నీలం తీగ ఒకటి ఉంటుంది, అది యాంటెన్నాది. దానికి కలిపితే కొన్ని స్టీరియోల్లో రేడియో పెట్టినప్పుడు మాత్రమే ఊఫర్ మోగుతుంది, పాటలు పెడితే మోగదు. వినడానికి వింతగా ఉన్నా కారణం అంతే.

రిమోట్ దొరకలేదని కొందరు దాన్ని నేరుగా ప్లస్‌కి కలిపేస్తారు. అప్పుడు యాంప్ రాత్రంతా మేలుకునే ఉంటుంది. ఒక ఆంపియర్ చొప్పున పన్నెండు గంటలు లాగితే, చిన్న కార్ల 35 ఆంపియర్-అవర్ బ్యాటరీలో మూడో వంతు పోయినట్టే. పొద్దున సెల్ఫ్ కొట్టకపోవచ్చు.

కంపెనీ టచ్‌స్క్రీన్ ఉన్న కార్లలో చాలావాటికి వెనక యాంప్‌కి సంకేతం తీసుకునే ఆర్‌సీఏ సాకెట్లు ఉండవు. అక్కడ స్పీకరు వైర్ల నుంచే సంకేతం తీసుకునే హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న యాంప్ కొనుక్కోవడం మంచిది.

యాక్సిలరేటర్‌తో పాటు లేచే కూత

ఇంకో ఫిర్యాదు: ఇంజను ఆపితే సౌండు శుభ్రంగా ఉంటుంది, స్టార్ట్ చేస్తే స్పీకర్లలో సన్నని కూత మొదలవుతుంది, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ కూత పైకి పోతుంది. ఆల్టర్నేటర్ పుట్టించేది ఏసీ. అది డయోడ్ల గుండా వెళ్లి డీసీ అవుతుంది కానీ పూర్తిగా చదును కాదు, మీద చిన్న చిన్న అలలు మిగులుతాయి. సాధారణంగా ఆల్టర్నేటర్‌లో పన్నెండు ధ్రువాలు, మూడు ఫేజులు ఉంటాయి. కాబట్టి ఒక్కో చుట్టుకు 36 అలలు. ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే ఆల్టర్నేటర్ కప్పీ దానికి రెండున్నర రెట్లు తిరుగుతుందనుకోండి, సెకనుకు 1,200 అలలు వస్తాయి. 3,000 చుట్ల దగ్గర 4,500. చెవి అత్యంత చురుగ్గా ఉండే ప్రాంతం సరిగ్గా ఇదే.

అలలు అన్ని కార్లలోనూ ఉంటాయి. మరి కొన్నిట్లోనే ఎందుకు వినిపిస్తాయి? స్టీరియో డాష్‌బోర్డు దగ్గర ఒకచోట ఎర్త్ అయింది, యాంప్ డిక్కీలో ఇంకోచోట ఎర్త్ అయింది. రెండు చోట్ల మధ్య బాడీలో కరెంటు నడుస్తోంది కాబట్టి రెండు ఎర్త్‌లూ ఒకే వోల్టేజీలో లేవు. అతి కొద్ది తేడా ఉంది, ఆ తేడా అలల లయలో ఊగుతోంది. ఈ రెండిటినీ కలిపే మరో దారి ఆర్‌సీఏ వైరు పైతొడుగు. ఆ తొడుగు గుండా కొంత కరెంటు పోతుంది. తొడుగు మీద కనిపించే వోల్టేజీని యాంప్ పాటలో భాగమే అనుకుని పెంచి వినిపిస్తుంది. డిక్కీలోని ఎర్త్ పాడైతే తేడా పెరుగుతుంది, కూతా పెరుగుతుంది. అంటే దరువుకి ఆగిపోయే యాంప్‌కీ కూత పెట్టే యాంప్‌కీ చాలాసార్లు ఒకటే మందు.

వెతికే పద్ధతి ఇది. యాంప్ ఆపి ఆర్‌సీఏ వైర్లు పీకేసి మళ్లీ ఆన్ చేయండి. కూత పోతే అది సంకేతం దారిలో వస్తోంది: ఎర్త్ సరిచేయండి, ఆర్‌సీఏ వైరును పవర్ వైరుకి దూరంగా, కారు రెండో వైపు నుంచి లాగండి. అయినా పోకపోతే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న పరికరం దొరుకుతుంది. అందులోని ట్రాన్స్‌ఫార్మర్ తీగల సంబంధాన్ని తెంచి సంకేతాన్ని మాత్రం దాటిస్తుంది. అయితే చౌక రకాలు లోతైన బేస్‌ను కొంత మింగేస్తాయి కాబట్టి దాన్ని చివరి మందుగానే చూడాలి.

ఇక్కడ ఒక ఆనవాలు పనికొస్తుంది. ఊఫర్‌కి వెళ్లే యాంప్‌లో 80 హెర్ట్జ్ దగ్గర, పై శ్రుతులను ఆపే లో పాస్ ఫిల్టర్ పెట్టి ఉంటే 1,200 హెర్ట్జ్ కూత ఊఫర్‌లో వినిపించకూడదు. అది తలుపు స్పీకర్లలోనే రావాలి. ఊఫర్‌లోంచే కూత వస్తుంటే ఫిల్టర్ స్విచ్ ఫుల్ రేంజ్‌లో ఉండిపోయిందేమో ముందు చూడండి.

ఓమ్స్ లెక్క తప్పితే

దరువుకి ఆగడం కాకుండా, ఆన్ చేసిన వెంటనే ఎర్ర లైటు వెలిగితే కారణం ఊఫర్ వైపు ఉండే అవకాశం ఎక్కువ. యాంప్ ఆపి, స్పీకరు వైర్లు పీకి, మళ్లీ ఆన్ చేయండి. పచ్చ లైటు వస్తే యాంప్ బాగుంది, తప్పు ఆ వైర్లలోనో కాయిల్‌లోనో ఉంది. సీటు పట్టా కింద నలిగి బాడీకి తగులుతున్న స్పీకరు వైరు చాలా కేసుల్లో దోషి. వైర్లు పీకినా, ఆర్‌సీఏ పీకినా, వోల్టేజీ సరిగ్గా ఉన్నా ఎర్రగానే ఉంటే, అప్పుడు మాత్రమే యాంప్‌ను రిపేరుకి ఇవ్వండి.

కాయిల్స్ కలపడంలో జరిగే పొరపాటు ఇంకొకటి. ఇప్పటి ఊఫర్లలో చాలావాటికి రెండేసి కాయిల్స్ ఉంటాయి. నాలుగేసి ఓమ్‌ల రెండు కాయిల్స్‌ను పక్కపక్కన కలిపితే 2 ఓమ్‌లు, ఒకదాని వెనక ఒకటి కలిపితే 8. అలాంటి ఊఫర్లు రెండు తెచ్చి నాలుగు కాయిల్స్‌నూ పక్కపక్కనే కలిపేస్తే మొత్తం ఒకే ఒక్క ఓమ్. 2 ఓమ్‌ల వరకే తట్టుకుంటానని రాసి ఉన్న యాంప్ అక్కడ రెట్టింపు కరెంటు ఇవ్వాల్సి వస్తుంది, ఎర్ర లైటు వేసి తప్పుకుంటుంది. రెండు చానళ్లను కలిపి ఒకే ఊఫర్‌కి ఇచ్చేలా బ్రిడ్జ్ చేసినప్పుడైతే ఒక్కో చానల్‌కి ఆ ఓమ్‌లలో సగమే కనిపిస్తుంది. అందుకే చాలా యాంప్‌ల మీద బ్రిడ్జ్ చేస్తే 4 ఓమ్‌లకు తగ్గవద్దని రాస్తారు. ఊఫర్ వైర్లను యాంప్ నుంచి తీసి మీటరుతో చూస్తే 4 ఓమ్‌ల కాయిల్ మూడు పైచిలుకు చూపిస్తుంది, అది సహజం. 0.8 లాంటిది చూపిస్తే కనెక్షన్ మార్చాలి. మీటరు ఏమీ చూపించకపోతే కాయిల్ తెగిపోయింది.

కోన్ ఊగుతోంది, బేస్ లేదు

ఇది అందరినీ తికమక పెట్టే స్థితి. రెండు ఊఫర్లూ బ్రహ్మాండంగా ఊగుతుంటాయి, డిక్కీ తలుపు అదురుతుంటుంది, డ్రైవర్ సీట్లో కూర్చుంటే బేస్ పలచగా ఉంటుంది. 40 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. కారు లోపలి చోటు దానిలో మూడో వంతు కూడా లేదు. కాబట్టి అంత లోతైన బేస్‌కి అలలు ఏర్పడే చోటే లేదు. కోన్ ముందుకు వస్తే కారు లోపలి గాలంతా ఒకేసారి నొక్కుకుంటుంది, వెనక్కి పోతే ఒకేసారి సడలుతుంది. కారులో చిన్న ఊఫర్ కూడా హాల్లో పెట్టినదానికన్నా లోతుగా వినిపించడానికి కారణం ఇదే. ఒక ఊఫర్‌కి ప్లస్, మైనస్ తారుమారైతే మాత్రం అది నొక్కుతుంటే ఇంకోటి లాగుతుంటుంది. గాలికి ఏమీ జరగదు. రెండూ కష్టపడి ఒకదాని పని ఒకటి చెరిపేస్తాయి.

పరీక్షకు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ చాలు. యాంప్ నుంచి వైర్లు తీసేసి, సెల్ ప్లస్‌ను ఊఫర్ ప్లస్‌కి, మైనస్‌ను మైనస్‌కి క్షణం తగిలించండి. కోన్ బయటికి జరగాలి. లోపలికి జరిగితే ఎక్కడో తిరగబడింది. రెండు ఊఫర్లూ ఒకే తీరుగా ఉన్నాక, యాంప్ మీద ఫేజ్ స్విచ్‌ను 0లో ఒకసారి, 180లో ఒకసారి పెట్టి డ్రైవర్ సీట్లో కూర్చుని వినండి. తలుపు స్పీకర్లతో ఊఫర్ ఎక్కడ కలిసిపోతుందో చెవి చెబుతుంది.

పెట్టె కూడా ఒక అనుమానితుడే. అరవయ్యో దశకం మొదట్లో నెవిల్ థీల్, ఆ తర్వాత డెబ్బయ్యో దశకంలో రిచర్డ్ స్మాల్, ఆస్ట్రేలియాలో వేసిన లెక్కల వల్లే ఏ ఊఫర్‌కి ఎంత పెట్టె కావాలో ముందుగా చెప్పగలుగుతున్నాం. ఊఫర్‌తో వచ్చే కాగితంలో వాళ్లిద్దరి పేరు మీదున్న అంకెలు ఉంటాయి. రెడీమేడ్ పెట్టెల్లో ఏది దొరికితే అది బిగిస్తే ఆ అంకెలకు విలువ లేదు. గొట్టం ఉన్న పెట్టె తన శ్రుతి దగ్గర బాగా మోగుతుంది, దానికి కిందికి దిగితే కోన్‌కి గాలి ఆసరా పోయి అదుపు లేకుండా ఊగుతుంది. అలాంటి పెట్టె వాడేవాళ్లు ఆ కింది శ్రుతులను ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ ఆన్ చేసి తీరాలి.

కాలిన కాయిల్ వాసన

1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇంజినీర్లు వివరించిన కదిలే కాయిల్ స్పీకరే ఈరోజుకీ మన డిక్కీలో ఉంది. దాని బలహీనతా అలాగే ఉంది. లోపలికి పోయిన శక్తిలో నూటికి ఒకటి రెండు వంతులు శబ్దమవుతాయి, మిగిలినదంతా వేడి. 300 వాట్లు పంపితే దాదాపు 300 వాట్ల హీటరు ఆ అరచేతిలో పట్టే కాయిల్‌లో పనిచేస్తున్నట్టే. కాయిల్ వేడెక్కితే రాగి అడ్డంకి పెరుగుతుంది: 25 డిగ్రీల నుంచి 200కి చేరితే మూడింట రెండు వంతులు ఎక్కువవుతుంది. అప్పుడు అదే వోల్టేజీకి తక్కువ కరెంటు పోతుంది, శబ్దం తగ్గుతుంది. అరగంట విన్నాక బేస్ నీరసించిందని ఇంకా పెంచేవాళ్లు కాయిల్ వదులుకోవడానికి సిద్ధపడాలి.

గెయిన్ నాబ్‌ను సౌండు పెంచే నాబ్ అనుకోవడం దీన్ని ఇంకా తొందర చేస్తుంది. స్టీరియో ఎన్ని వోల్టులిస్తే యాంప్ తన పూర్తి శక్తికి చేరాలో నిర్ణయించేది గెయిన్. అవసరానికి మించి తిప్పితే యాంప్ తన హద్దుకు ముందే చేరుకుంటుంది, ఆపైన అల శిఖరం నరికేసినట్టు చదునవుతుంది. పూర్తిగా చదునైన అల, అంతే ఎత్తున్న నున్నని అలకన్నా రెండు రెట్ల శక్తిని మోస్తుంది. 200 వాట్ల యాంప్ కాయిల్‌లోకి 400 వాట్ల దాకా వేడి పోస్తుంది. కాయిల్ వాసన ఎందుకొచ్చిందో దీంతో అర్థమవుతుంది.

బాక్స్: గెయిన్ పెట్టే విధానం

ఊఫర్ వైర్లు తీసేయండి. బేస్ బూస్ట్ సున్నా, స్టీరియో ఈక్వలైజర్ చదును, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు. 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ మోగించి, మీటరును ఏసీ వోల్టులలో పెట్టి, యాంప్ స్పీకరు టెర్మినల్స్ మీద ఉంచి గెయిన్‌ను మెల్లగా పెంచండి. 4 ఓమ్‌ల ఊఫర్‌కి 200 వాట్లు కావాలంటే 28 వోల్టుల దగ్గర, 300 వాట్లకైతే 34.6 దగ్గర ఆపండి. 2 ఓమ్‌లకు 500 వాట్లయితే 31.6. ఊఫర్ ఆర్ఎంఎస్ (ఎడతెగకుండా మోయగల వాట్లు), యాంప్ ఆర్ఎంఎస్ రెండిటిలో ఏది తక్కువో దాన్ని తీసుకోండి.

స్టిక్కర్ వాట్లు, కెపాసిటర్లు

యాంప్ మీద 3000 వాట్లు అని మెరిసే అక్షరాలను నమ్మవద్దు. దాని పక్కనున్న ఫ్యూజులు చూడండి. 25 ఆంపియర్లవి రెండు ఉంటే ఆ యాంప్ ఎడతెగకుండా తీసుకోగలిగేది 50 ఆంపియర్లు, అంటే దాదాపు 690 వాట్లు. తీసుకున్నదానికన్నా ఎక్కువ ఇవ్వడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. నిజాయితీగా అమ్మేవాళ్లు సీఈఏ-2006 ప్రమాణం ప్రకారం 14.4 వోల్టుల దగ్గర కొలిచిన ఆర్ఎంఎస్ అంకె వేస్తారు.

హెడ్‌లైట్లు మసకబారుతున్నాయని ఒక ఫారడ్ కెపాసిటర్ అమ్ముతారు. వోల్టేజీ 14.4 నుంచి 12కి పడే లోపు అది ఇవ్వగలిగే శక్తి 32 జౌళ్లు. 600 వాట్లు లాగే యాంప్‌కి అది సెకనులో ఇరవయ్యో వంతు వస్తుంది. చిన్న కుదుపును మెత్తబరుస్తుందేమో గానీ, ఒక నిడివైన దరువుకి కూడా చాలదు. ఆ డబ్బుతో మంచి రాగి వైరు కొనుక్కోవడం నా దృష్టిలో ఎంతో మేలు.

బ్యాటరీ పక్కన ఫ్యూజు

ఐదు మీటర్ల 8 గేజ్ రాగి వైరులో 45 ఆంపియర్లు నడిస్తే దారిలో అర వోల్టు దాకా పోతుంది. అంతకన్నా లావైన 4 గేజ్ అయితే 0.2 లోపే. బజారులో చౌకగా దొరికే కిట్లలో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత వేసిన తీగే ఉంటుంది. అది కరెంటును రాగిలో మూడింట రెండు వంతుల కన్నా తక్కువగానే మోస్తుంది. బ్లేడుతో ఒక పోగు గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. పైన ప్లాస్టిక్ లావుగా చేసి లోపల తీగను సన్నగా ఉంచే పనీ జరుగుతుంది. గేజ్ అంకెను లోహం మందంతో సరిచూసుకోవాలి.

వోల్టేజీ తగ్గితే పాట ఆగుతుంది, అంతే. ఫ్యూజు లేకపోతే కారే పోతుంది. సెల్ఫ్ మోటారుకి వంద ఆంపియర్లకు పైగా ఇవ్వగల బ్యాటరీ, పవర్ వైరు బాడీకి తగిలితే వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. క్షణాల్లో తీగ ఎర్రగా కాలి, దాని పైతొడుగు, పక్కనున్న కార్పెట్ అంటుకుంటాయి. ఫ్యూజు యాంప్‌ను కాపాడటానికి ఉందని చాలామంది అనుకుని దాన్ని డిక్కీలో యాంప్ పక్కన పెట్టిస్తారు. యాంప్‌లో దాని ఫ్యూజు దానికి ఉంది. ఈ పెద్ద ఫ్యూజు కాపాడాల్సింది వైరును. కాబట్టి బ్యాటరీ ప్లస్ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. 8 గేజ్ రాగి వైరుకి 50, 60 ఆంపియర్లు, 4 గేజ్‌కి 100 నుంచి 125, రాగి పూత తీగకైతే ఇంకా తక్కువ. ఇంజను గది నుంచి లోపలికి వైరు దూరే రేకు రంధ్రంలో రబ్బరు గ్రామెట్ తప్పనిసరి, లేకపోతే రోజూ కారు అదిరే అదురుకి రేకు అంచే తొడుగును కోసేస్తుంది.

మీ కారులో ఊఫర్ ఉంటే ఇవాళే బానెట్ ఎత్తి చూడండి. బ్యాటరీ నుంచి బయల్దేరిన ఆ లావాటి వైరు మీద అడుగున్నర దూరంలో ఫ్యూజు కనిపించకపోతే, అది బిగించేదాకా ఆ వైరును బ్యాటరీ నుంచి విప్పి ఉంచండి.